గీత కింద వెలుగు

ఆవిడ అసలు పేరు మా వీధిలో ఎవరికీ పట్టదు. జడముడిలో పువ్వు పెట్టుకునేవాళ్ళను చూశాను, పెన్సిల్ దోపుకునేవాళ్ళను చూశాను. కరెంటు టెస్టర్ దోపుకుని తిరిగే మనిషిని మాత్రం ఈవిడనొక్కదాన్నే చూశాను. అందుకే అందరికీ ఆవిడ టెస్టరమ్మ. నాకు మాత్రం అక్క.

మాది బళ్ళు బాగుచేసే వీధి. ఒకరు టైర్లు చూస్తారు, ఒకరు ఇంజన్లు విప్పుతారు, నేను సీట్లకు కవర్లు కుడతాను. అక్క పని బండిలో ఉన్న కరెంటంతా. పద్నాలుగేళ్ళ కిందట మా వీధికి వచ్చింది. అంతకుముందు బళ్ళ వైర్లు కట్టలు కట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. బల్ల మీద మేకులు కొట్టి ఉంటాయట, ఆ మేకుల మధ్య నుంచి ఏ రంగు వైరు ఎటు పోవాలో అటు పోనిచ్చి కట్ట కట్టాలి. తొమ్మిదేళ్ళు నిలబడే ఆ పని చేసింది. ఒక సోమవారం వెళ్ళేసరికి గేటుకు తాళం, తాళం పక్కన కాగితం. అంతే, ఉద్యోగం పోయింది.

నెలన్నర ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం అంటే ఊరికే కాదు. మిక్సీ విప్పింది, ఇస్త్రీపెట్టె విప్పింది, కాలింగ్ బెల్లు రెండుసార్లు విప్పింది. చివరికి వాళ్ళ అత్తగారు కొడుకులిద్దర్నీ పిలిచి, "ఒరేయ్, దీన్ని ఎక్కడికన్నా పనికి పంపండ్రా. రేపు నా చెవి మిషన్ కూడా విప్పేస్తుంది" అని మొరపెట్టుకుంది.

ఆ పెద్దకొడుకుకే మా వీధిలో లైట్ల షాపు ఉంది. అక్కకు బావగారు. మనిషి మంచివాడే. నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరికి కష్టం వచ్చినా ముందుంటాడు. "నేను అమ్ముతాను, నువ్వు బిగించు" అని షాపు మెట్ల పక్కన ఒక బల్లకు చోటిచ్చాడు. ఆడమనిషి స్టూలు వేసుకుని బండి ముందు కూర్చుంటే వీధి వీధంతా చూసింది. ఇంజన్ మేస్త్రీ అయితే దారిన పోయేవాళ్ళకు వినపడేలా, "హారన్ కొట్టడం మనకీ వచ్చు, బిగించడం చూద్దాం" అనేవాడు. అక్క తలెత్తేది కాదు.

నెల తిరక్కుండానే ఆ మేస్త్రీ స్వయంగా ఒక బండి తోసుకుని వచ్చాడు. ఎవరో ముచ్చటపడి పాత ఇండికేటర్లు తీయించి ఎల్ఈడీవి పెట్టించుకున్నారు. ఎడమకు మీట నొక్కితే నాలుగూ వెలుగుతున్నాయి. కుడికి నొక్కినా నాలుగే. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనకవైపు ఒక్క వైరు కూడా విప్పలేదు. ముందున్న మీటరు తెరిచి, ఇండికేటర్ వేసినప్పుడు అక్కడ మిణుకుమనే చిన్న బల్బును పట్టుకుంది.

"దొంగ ఇక్కడున్నాడు. ఈ బల్బులోంచి కరెంటు అవతలి పక్కకు పారిపోతోంది. పాత బల్బులు ఆ కాస్త కరెంటుకు వెలిగేవి కావు కాబట్టి తెలియలేదు. ఎల్ఈడీకి చిటికెడు చాలు" అంది. రెండు డయోడ్లు అతికించి, కరెంటు ముందుకే తప్ప వెనక్కి పోకుండా కట్టేసింది. ఎడమ ఎడమగా, కుడి కుడిగా కొట్టుకుంది. మేస్త్రీ బండి స్టాండు తీస్తూ, "టీ తాగుతావా టెస్టరమ్మా?" అన్నాడు. ఆ పేరు ఆ రోజు పుట్టిందే.

తరవాత కొన్నేళ్ళకు తెల్ల బల్బుల కాలం వచ్చింది. పసుప్పచ్చటి వెలుగు ముసలితనంలాగా, తెల్లటి వెలుగు వయసులాగా జనానికి కనపడడం మొదలైంది. బావగారి షాపులో గోడంతా ఆ డబ్బాలే. హెడ్‌లైటులోని పాత బల్బు ఊడబెరికి, అది కూర్చునే గిన్నెలాంటి డూములోనే ఈ ఎల్ఈడీ బల్బు దూర్చడమే పని. రోజుకు పది బళ్ళు, పన్నెండు బళ్ళు. అక్క బిగిస్తూ పోయింది. కుర్రాళ్ళు లైటు వేసుకుని ఎదురుగోడ మీద ఆ తెలుపు చూసి ఈలలు వేసేవారు.

ఆ వెలుగు సంగతి అక్కకు మొదటిరోజే తెలుసు. తరవాత నాతో తనే చెప్పింది. డూములోని అద్దం సన్నటి తీగ బల్బు కోసం చేసింది. ఆ తీగ ఎక్కడుంటుందో లెక్క చూసి అద్దానికి ఆ వంపు పెడతారు. అక్కడ ఇంత లావు ఎల్ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద పడకుండా చెట్ల మీదా, ఎదుటివాడి కళ్ళల్లోనూ పడుతుంది. "తెలిసీ బిగించాను తమ్ముడూ. బావగారి షాపు, బావగారి బల్ల. నోరు మెదపలేదు" అంది.

ఆ నోరు తెరిపించింది ఒక లెక్కల టీచరు.

వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, కుడిచెయ్యి కట్టుకట్టి మెడకు వేలాడుతోంది. బండిని ఎవరో తోసుకొచ్చి పెట్టి వెళ్ళారు. ముందు ఇండికేటర్ విరిగి వైరు మీద వేలాడుతోంది, హ్యాండిల్ వంకర. అక్క స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఎలా పడ్డారని అడిగింది.

"పడలేదమ్మా, పడేశారు. సాయంత్రం ఆరున్నర. సన్నగా జల్లు. బడి నుంచి వస్తున్నాను. ఎదురుగా ఒక బండి. తెల్లటి వెలుగు, కళ్ళల్లో సున్నం కొట్టినట్టు. రోడ్డు లేదు, పక్క లేదు, ఏమీ లేదు. పైపుల కోసం తవ్విన గొయ్యి ఉందని నాకు తెలుసు, రోజూ చూస్తున్నదే. ఎక్కడుందో మాత్రం కనపడలేదు."

"బండివాడు ఆగాడా?"

"వాడికి నేను కనిపిస్తే కదా. ఎడమ ఇండికేటర్ వేసుకుని తిరిగిపోయాడు. అది కూడా ఎలా కొట్టుకుందనుకున్నావ్? కన్ను అదిరినట్టు టకటకటకా. గోతిలో పడి పైకి చూస్తున్నాను కదా, అదొక్కటే గుర్తుంది."

అక్క చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోవడం నేను చూశాను. ఎల్ఈడీ ఇండికేటర్లు పెడితే, వాటిని మిణికించే ఫ్లాషర్ కూడా మార్చాలి. మార్చకపోతే బల్బు మాడిపోయిందనుకుని అది రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. అలా మార్చకుండా అక్క చేతిమీదుగా ఒకే ఒక బండి వెళ్ళింది. కొరియర్ సంచులు మోసే ఒకతను తెల్ల బల్బూ, ఎల్ఈడీ ఇండికేటర్లూ పెట్టించుకుంటూ తొందర పెట్టి, "ఎడమవైపు వెలుగుతోందిగా, చాలు. మిగతాది రేపు" అని వెళ్ళిపోయాడు. ఆ రేపు రాలేదు. టీచరు పడింది అదే సాయంత్రం.

ఎవరైనా అయితే ఏం చేస్తారు? ఇండికేటర్ బాగుచేసి, అయ్యో పాపం అని పంపిస్తారు. నేనైతే అదే చేస్తాను. అక్క లేచి నిలబడింది.

"టీచరుగారూ, ఆ బండికి ఆ లైటు పెట్టింది నేనే."

టీచరు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బడిలో తప్పు లెక్క చేసిన పిల్లను అడిగినట్టు, "అయితే ఇప్పుడేం చేస్తావ్?" అంది.

ఆ రోజు అక్క ఆవిడ బండికి ఇండికేటర్ బిగించి పంపించింది. మర్నాడు పొద్దున షాపు తెరవగానే బావగారితో చెప్పేసింది. "బావగారూ, ఈ తెల్ల బల్బులు ఇకమీద నేను బిగించను."

ఆయన నవ్వాడు. "ఏమ్మా, వేళ్ళు కాలాయా?"

"వేళ్ళు కాదు. మనుషులు పడుతున్నారు."

"పడేవాళ్ళు ఎప్పుడూ పడుతూనే ఉంటారు. చీకటైతే చీకటని పడతారు, వెలుగైతే వెలుగని పడతారు. అడిగింది ఇస్తున్నాం. బలవంతంగా అంటగడుతున్నామా?"

అక్క గోడమీదున్న డబ్బా ఒకటి తీసి తిరగేసి చూపించింది. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, రోడ్డు మీద వాడరాదు అని అచ్చువేసి ఉంది.

"ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారమ్మా?"

"నేను చదివాను. ఇక చదవనట్టు ఉండలేను."

నవ్వు తగ్గింది. షాపులో కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళముందు తమ్ముడి భార్య ఎదురు చెప్పడం ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఈ బల్ల మీద కూర్చున్నంతకాలం షాపులో సరుకే బిగించాలి. కుదరదంటే బల్ల ఖాళీ చెయ్యి" అన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో పంచాయితీ జరిగింది. బావగారు, అక్క భర్త, అత్తగారు. అక్క భర్త సిటీ బస్సులో కండక్టరు. రోజంతా జనంతో అరిచీ అరిచీ ఇంటికొచ్చాక మాట పొదుపు చేసే మనిషి. అన్న ముందు అసలే మాట్లాడడు. బావగారు తన వాదనంతా చెప్పాడు. చోటిచ్చింది తను, పని నేర్చుకునే అవకాశం ఇచ్చింది తను, ఇప్పుడు తనకే పాఠాలా అని. అత్తగారు చెవి మిషన్ సర్దుకుని అంతా విన్నది.

"పెద్దోడా, మొన్న సాయంత్రం చిన్నోడి బండి వెనకాల కూర్చుని ఆసుపత్రి నుంచి వస్తున్నాను. కన్ను ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. ఎవడో ఎదురొచ్చాడు. వాడి లైటు నా కంట్లో పడితే డాక్టరు మళ్ళీ కత్తి దింపాడనుకున్నా. అది నీ షాపు బల్బేనా?"

"అన్నీ నా షాపువే అవుతాయా అమ్మా?"

"కాదని చెప్పగలవా?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మాత్రం వీధిలో మరో మనిషి చేత బల్బులు బిగించడం మొదలుపెట్టించాడు. అక్క బల్ల మెట్ల కింద తిరగేసి ఉంది.

అప్పుడు ఆ కండక్టరు చేసిన పని నేను కళ్ళారా చూశాను. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చాడు. అన్న షాపులో కూర్చుని చూస్తుండగా బల్ల తిప్పి తలమీద పెట్టుకున్నాడు. పనిముట్ల పెట్టె చేత్తో పట్టుకున్నాడు. వీధి దాటి ఎదురుగా ఉన్న గోదాము పక్క సందులో దించాడు. నీళ్ళు అడిగి తాగి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ సందు అవతల మూసుకుపోయింది, చివర గోదాము గోడ. అక్కకు కావలసింది సరిగ్గా ఆ గోడే. దాని మీద అడ్డంగా నల్లరంగుతో ఒక గీత గీసింది. దానర్థం ఇది: బండిని ఇంత దూరంలో నిలబెట్టి, మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, డిమ్ లైటు వేస్తే వెలుగు పైఅంచు ఆ గీత దాటకూడదు. దాటితే ఎదుటివాడి కళ్ళల్లో పడుతున్నట్టు. దాటకపోతే రోడ్డు మీద పడుతున్నట్టు. పరీక్ష చాలా తేలిక. మా వీధిలో ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు.

కట్టు విప్పించుకుని టీచరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ గీత చూసి, "ఎత్తు బళ్ళకూ పొట్టి బళ్ళకూ ఒకటే గీతా? తప్పు" అంది. అక్క రెండో గీత గీసింది. ఇంకో చిక్కు ఉండేది. పగటి వెలుతురులో లైటు గోడమీద కనపడదు, సాయంత్రం దాకా ఆగాలి. చీకటి గుడారం ఒకటి కావాలి. సందు నిడివి అంతా గుడారం వేయాలంటే ఎక్కడ కుదురుతుంది? "దూరం సగం చెయ్యి. లైటు ఎత్తు నుంచి గీత ఎంత కిందికి దిగిందో అదీ సగం చెయ్యి. లెక్క మారదు" అంది టీచరు, సుద్దముక్కతో నేల మీదే బొమ్మ గీసి.

గుడారం నేను కుట్టాను. సీటు కవర్లలో మిగిలిన నల్ల రెక్సిన్ ముక్కలన్నీ కలిపి కుట్టాను. ఏనుగుకు చొక్కా కుట్టినట్టుంది. అయితే నా గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బావగారు నా కొట్టుకొచ్చి, "ఆ గుడారం ఎవరు కుట్టార్రా?" అని అడిగితే, "ఏమో అన్నా, బయట కుట్టించినట్టున్నారు" అన్నాను. నా ఎదురుగానే దాని మిగులు ముక్కలు పడున్నాయి. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, వెళ్ళిపోయాడు.

అక్క బయట అట్టముక్క మీద రాసి కట్టింది: "నేను ఇంతకుముందు బిగించిన తెల్ల బల్బులున్న బళ్ళు తీసుకురండి. ఊరికే సరిచేస్తాను." దాన్ని చూసి జనం నవ్వుకున్నారు. తను చేసిన పని తప్పని తనే బోర్డు కట్టుకున్న మనిషిని ఎవరు చూశారు? మొదటి వారం ఇద్దరొచ్చారు, రెండో వారం ఒక్కరూ రాలేదు. ఒక పొద్దున చూస్తే గోదాము గోడంతా సున్నం కొట్టి ఉంది, గీతలు లేవు. ఎవరు కొట్టారో చెప్పడానికి సాక్షి ఎవరూ లేరు కానీ, సున్నం చుక్కలు గోడ దగ్గర మొదలై వీధి దాటి బావగారి షాపు మెట్ల దాకా వరసగా పడున్నాయి. అక్క ఆ చుక్కల వెంట మెట్ల దాకా వెళ్ళి, లోపలికి చూసి, "బావగారూ, గోడ మాసిపోయి ఉండేది. తెల్లగా చేశారు, గీత ఇప్పుడు ఇంకా బాగా కనపడుతుంది" అని వెనక్కొచ్చి మళ్ళీ గీసింది. ఈసారి రంగు రెండు పూతలు వేసింది.

కొరియర్ అతన్ని మాత్రం తనే వెతికి పట్టుకుంది. టీ కొట్టు దగ్గర బండి ఆపితే వెళ్ళి ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది. నేను వెనకే ఉన్నాను.

"నీ లైటు మార్చాలి. సందులోకి రా."

"నా బండి, నా లైటు. నాకు బ్రహ్మాండంగా కనపడుతోంది. నీకేం నొప్పి?"

"నీకు కనపడటం లేదని ఎవరన్నారు? ఎదుటివాళ్ళకు కనపడటం లేదు. నీ లైటుకు ఒకావిడ గోతిలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది."

"నేనెవర్నీ గుద్దలేదు!"

"గుద్దలేదు. నువ్వు చూడను కూడా లేదు. అదే నేను చెప్పేది."

అతను బండి వెనక్కి తీయబోయాడు. ఈవిడ హ్యాండిల్ వదల్లేదు. జనం మూగారు. "పోలీసుల్ని పిలుస్తా" అన్నాడు. "పిలువు. లైటు పెట్టిన దోషం నాది, అది కూడా వాళ్ళకు చెప్తాను" అంది. ఆ మాటకు అతను బండి దిగాడు. తిడుతున్నవాణ్ణి ఎదుర్కోవచ్చు. తప్పు నాదే అంటూ చక్రానికి అడ్డం నిలబడ్డ మనిషిని ఏం చేస్తాడు?

గుడారంలోకి తీసుకెళ్ళి, బండిని ఒక చివర నిలబెట్టి, అతన్ని గోడ దగ్గర నిలబెట్టింది. "కళ్ళు తెరిచే ఉండు. నేను చేతిలో ఏం పట్టుకున్నానో చెప్పు" అని లైటు వేసింది. అతను అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చెయ్యి తియ్యి. రోడ్డు మీద హ్యాండిల్ వదిలేసి చెయ్యి అడ్డం పెట్టుకుంటావా?" పది లెక్కపెట్టేదాకా నిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూ బయటికొచ్చాడు.

"ఏం పట్టుకున్నావు?" అన్నాడు.

"ఏమీ పట్టుకోలేదు. నీ బండి ముందు నిలబడ్డాను. నన్నే చూడలేదు నువ్వు."

అతను స్టూలు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "అయితే మళ్ళీ ఆ పసుప్పచ్చ గుడ్డిదీపమేనా? వానలో ఏం కనపడదక్కా, నా పని తెల్లారకముందే మొదలవుతుంది" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అక్క ఎల్ఈడీకి శత్రువు కాదు, జనం ఇక్కడే పొరపడ్డారు. ఎల్ఈడీ కోసమే తయారైన డూము వేరే ఉంటుంది. దానిలో వెలుగుకు కత్తితో కోసినట్టు పైఅంచు ఉంటుంది. పాత డూము మొత్తం తీసేసి అది పెట్టింది. అతని బండిలో హెడ్‌లైటుకు కరెంటు ఇంజన్ నుంచి నేరుగా వస్తుంది, బండి నెమ్మదిస్తే లైటు వణుకుతుంది. దాన్ని బ్యాటరీ మీదికి మార్చి, మధ్యలో ఎక్కువ కరెంటు మోసే రిలే అనే స్విచ్చు పెట్టింది. ఫ్లాషర్ కూడా మార్చింది. లైటు వేస్తే గోడమీద గీతకు వేలెడు కింద వెలుగు ఆగిపోయింది. నేల మాత్రం పట్టపగల్లా ఉంది. అతను బండి చుట్టూ తిరిగి, "ఇదే ముందు పెట్టుంటే పోయేది కదా?" అన్నాడు.

"పోయేది. పెట్టలేదు" అంది అక్క.

అతని నుంచి మిగతా కొరియర్లూ, పాలవాళ్ళూ, పేపరు వేసేవాళ్ళూ ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బావగారి షాపులో గిరాకీ తగ్గింది. ఆయన కోపంలో ఒక అర్జీ పడేశాడు, అనుమతి లేకుండా ఈవిడ బళ్ళు మారుస్తోందని.

ఒక ఉదయం రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొడుగ్గా, నిద్రలేనట్టుగా ఉన్న మనిషి. గీతలు చూశాడు, గుడారం చూశాడు, డూము విప్పి ఉన్న బండిని చూశాడు. "కంపెనీ నుంచి ఎలా వచ్చిందో బండి అలాగే ఉండాలమ్మా. లైట్లు మార్చడం తప్పు. నోటీసు రాయాలి" అన్నాడు. వీధి వీధంతా పనులాపి చూస్తోంది. బావగారు తన మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాయండి" అంది అక్క. "కానీ ఈ ఒక్క బండే రాస్తే లెక్క తక్కువవుతుంది. నాలుగేళ్ళుగా నేను పెట్టిన తెల్ల బల్బులన్నీ రాయండి. అవన్నీ నా తప్పే, నా పేరు కిందే రాయండి. ఆ బల్బుల డబ్బా అడుగున ఏం రాసుందో కూడా రాయండి. అవి ఏ షాపులో దొరుకుతాయో నేను చెప్పను. ఈ వీధిలో కళ్ళున్నవాళ్ళు ఎవరైనా చెప్తారు."

ఇన్‌స్పెక్టరు మా వైపు తిరిగాడు. మేమంతా నేల చూపులు చూశాం. అప్పుడు నా కాళ్ళు వాటంతట అవే ముందుకు పడ్డాయి. "సార్, ఆ గుడారం కుట్టింది నేనే. నా పేరు కూడా రాసుకోండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గుడారం కుట్టడం నేరం కాదయ్యా" అన్నాడు. వీధంతా గొల్లుమంది. నవ్వనివ్వండి. బావగారి మొహం చూసి మాట్లాడాను, నాకది చాలు. ఆ ఊపులోనే చెయ్యెత్తి ఆయన షాపు కూడా నేనే చూపించాను.

అక్కకూ బావగారికీ ఇద్దరికీ నోటీసులొచ్చాయి. షాపు గోడమీది డబ్బాలన్నీ సంచుల్లో వేసుకుపోయారు. అక్కకు, పరీక్ష పాసై అనుమతి కాగితం తెచ్చుకునేదాకా ఏ బండికీ లైటు మార్చకూడదని ఆంక్ష పెట్టారు. మూడు నెలలు పట్టింది. ఇంట్లో కూర్చుంటుందనుకున్నాం. మర్నాడు టంచనుగా తొమ్మిదింటికి స్టూలు మీద ఉంది. ఇన్‌స్పెక్టరు దారిన పోతూ ఆగి, "ఏమ్మా, పని ఆపమన్నానా లేదా?" అన్నాడు.

"ఆపాను సార్. లైట్లు మార్చడం లేదు. డూము వెనక మర ఉంటుంది, అది తిప్పి వెలుగును కిందికి దించుతున్నాను. కంపెనీవాడు పెట్టిన మరే. తిప్పడం మార్పు కాదు కదా?"

ఆయన ఏదో అనబోయి, అనకుండా తన బండి తెచ్చి సందులో పెట్టాడు. మర మూడు చుట్లు తిప్పాల్సి వచ్చింది.

ఆ మూడు నెలల్లో ఎన్ని బళ్ళ మరలు తిప్పిందో ఆవిడకే తెలియదు. సాయంత్రం టీచరు వచ్చి పరీక్షకు చదివించేది. ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు వైర్లు కట్టిన మనిషికి వైర్ల బొమ్మలు అర్థం కావడం కష్టం కాలేదు, రాయడమే కష్టమైంది. మొదటిసారి తప్పింది. ఫలితం చూసుకుని వచ్చి నాతో, "పేపరు దిద్దినవాడు నా రాత చదవలేకపోయాడు. మళ్ళీ రాస్తాను, ఈసారి పెద్ద అక్షరాలతో" అంది. రెండోసారి పాసైంది.

బావగారు రెండేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చినా తల్లితో, తమ్ముడితో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. మంచినీళ్ళు అక్క ఇస్తే తాగేవాడు, గ్లాసు మాత్రం ఆవిడ చేతికివ్వకుండా నేల మీద పెట్టేవాడు. ఇప్పుడు షాపులో సరైన డూములే అమ్ముతున్నాడు. నమ్మకం కుదిరి కాదు, మళ్ళీ సంచులొస్తాయన్న భయంతో. అక్క దానికేమీ అనుకోలేదు. "భయంతో అమ్మినా అదే డూము, భక్తితో అమ్మినా అదే డూము" అంటుంది. ఒకసారి ఆయనే సందు మొదట్లో నిలబడి, ఎవరినో అడిగినట్టు గాల్లోకి చూస్తూ, "కొత్త ఫ్లాషర్లు వచ్చాయి, ఎవరికన్నా కావాలంటే చెప్పండి" అన్నాడు. "ఆరు కావాలి బావగారూ" అంది అక్క. వాళ్ళ రాజీ అంతవరకే వచ్చింది. అక్కడే ఆగింది కూడా.

ఈమధ్య కొత్త గొడవ మొదలైంది. ఒక కంపెనీ కొత్త బండి వదిలింది. ఎవరూ ఏమీ మార్చలేదు, షోరూము నుంచి నేరుగా వచ్చిందే. దాని లైటు గోడమీద వేస్తే గీతకు బెత్తెడు పైన పడుతోంది. మర పూర్తిగా తిప్పినా దిగడం లేదు. అలాంటివి అయిదు బళ్ళు చూసింది, అయిదూ అంతే. షోరూములో అడిగితే, "కంపెనీ ఇంజనీర్ల కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నారట.

"ఇంజనీర్ల కంటే తెలుసని నేను అనలేదు. గోడ అంటోంది" అని వచ్చేసింది.

కంపెనీకి ఉత్తరం రాసింది. టీచరు బొమ్మలు వేసి పెట్టింది, దూరం ఎంత, ఎత్తు ఎంత, వెలుగు ఎక్కడ పడింది, అన్నీ కొలతలతో. నెలన్నర చూసింది, జవాబు లేదు. రెండో ఉత్తరం వేసింది. దానికి, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఒక ముక్క వచ్చింది. అది చదివి అక్క మొహం ఎర్రబడింది.

"అభిప్రాయమా? కొలిచి పంపిస్తే అభిప్రాయమా?"

"పోనీలే అక్కా, అంత పెద్ద కంపెనీతో మనకెందుకు?" అన్నాను.

"వాళ్ళు పెద్దవాళ్ళైతే బల్బు చిన్నదవుతుందా తమ్ముడూ?" అంది.

ఇవాళ పొద్దున మూడో ఉత్తరం కవరులో పెట్టింది. ఈసారి అయిదు బళ్ళ యజమానుల సంతకాలు, గోడమీద పడ్డ వెలుగు ఫోటోలు, ఇన్‌స్పెక్టరు చేతిరాతతో ఒక కాగితం జతచేసింది. నా చేత కూడా సాక్షి సంతకం పెట్టించింది. ఈసారి నేను రెండోసారి ఆలోచించలేదు. అందినట్టు రసీదు వచ్చేలా రిజిస్టరు చేయించాలని, సందులో ఉన్న ముగ్గురినీ కాసేపు ఆగమని చెప్పి, చేతులు గుడ్డకు తుడుచుకుని పోస్టాఫీసుకు బయల్దేరింది. వరసలో ముందున్నవాడు ఎంతసేపు పడుతుందని అరిచాడు. వెనక్కి తిరక్కుండానే, "వాళ్ళు జవాబిచ్చేదాకా పడుతుంది. నీ బండికైతే పావుగంట" అంది.